చెప్పింది నీకు, విన్నదెవరు?

అమీర్‌పేటలో మైత్రీవనం మెట్ల దగ్గర కరపత్రాలు పంచే కుర్రాళ్ల కేకలు పాతికేళ్లుగా మారలేదు, కరపత్రాలు మాత్రం మారాయి. 2000లో నేను మొదటిసారి అక్కడ బస్సు దిగినప్పుడు నా చేతిలో పెట్టినవి జావా, ఒరాకిల్, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. నాకంటే రెండేళ్లు ముందొచ్చిన వాళ్లకి వై2కె పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్స్. ఇప్పుడేమో జెన్ ఏఐ, డేటా సైన్స్, ప్రాంప్ట్ ఇంజనీరింగ్. సత్యం థియేటర్ పోయి దాని చోట మాల్ లేచింది. 2017 నవంబర్ నుంచి నెత్తి మీదుగా మెట్రో నడుస్తోంది. వెనక సందుల్లో అమ్మాయిల హాస్టళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. గదికి నాలుగు మంచాలు, కిటికీకి ఆరేసిన చున్నీలు, గేటు దగ్గర రిజిస్టరు. కోచింగ్ పిల్లలే కాదు, మెట్రో ఎక్కి యూనివర్సిటీలకు వెళ్లొచ్చే అమ్మాయిలు కూడా ఇప్పుడు అక్కడే ఉంటున్నారు.

అలాంటి ఒక హాస్టల్లో ఉంటూ ఎం.ఏ. చరిత్ర చదువుతున్న అమ్మాయి నా దగ్గర ప్రాజెక్టు చేస్తోంది. అంశం తనే ఎంచుకుంది: అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో వంట చేసే స్త్రీల జ్ఞాపకాలు. నాకెంత సంతోషమేసిందో! అమీర్‌పేట గురించి ఎవరు రాసినా అక్కడ కోర్సు చేసి అమెరికా వెళ్లిన వాళ్ల గురించే రాస్తారు. వాళ్లందరికీ పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం సాంబారు వండి పెట్టిన చేతుల గురించి ఎవరు రాశారు? ఆ అమ్మాయి ఆరుగురితో మాట్లాడింది, ఫోన్లో రికార్డు చేసింది. ముందుగా అందరి దగ్గరా సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకుంది. ఆ పత్రం నమూనా నేనిచ్చిందే. "ఈ సమాచారము విద్యా ప్రయోజనముల కొరకు మాత్రమే వినియోగించబడును" అని ఉంటుంది అందులో. ఏ మనిషి మాట్లాడుతుంది ఈ భాష? ఏనాడో ఎవరో ఇంగ్లీషు నుంచి చేసిన అనువాదం, జిరాక్సు మీద జిరాక్సుగా మా మధ్య తిరుగుతోంది. నేనెప్పుడూ దాన్ని మళ్లీ చదవలేదు.

మొదటి డ్రాఫ్టు చదువుతుంటే ఎక్కడో తేడా కొట్టింది. ఒకామె "ఆయన కంట పడకుంట బతుకుతున్న, పొయ్యి కాడ ఎవలు సూస్తరు" అన్నదని అమ్మాయి నాకు ముందే చెప్పి ఉంది. డ్రాఫ్టులో అదే మనిషి ఇంగ్లీషులో మాట్లాడుతూ 'రెసిలియెంట్' అయిపోయింది, కొత్త జీవితాన్ని నిర్మించుకుంది. పొయ్యి లేదు, భయం లేదు.

"ఇది ఎవరు అనువాదం చేశారమ్మా?"

"జీపీటీ మేడం."

ఆడియోని ఒక యాప్‌లో వేసి అక్షరాల్లోకి మార్చిందట. దాన్ని చాట్ జీపీటీకి ఇచ్చి ఇంగ్లీషు చేయించి, సారాంశం రాయించిందట. "పేర్లన్నీ తీసేసిన మేడం, సూడండి" అంది నమ్మకంగా. నిజమే, పేపర్లోంచి తీసేసింది. దానికి ఇచ్చిన ఫైల్లోంచి తీయలేదు. ఆమె పేరు, ఊరు, భర్త పేరు, అతనేం చేశాడు, ఏ రాత్రి ఇల్లు వదిలింది, ఇప్పుడు ఏ హాస్టల్లో ఉంటోంది, అన్నీ అక్కడ వరసగా ఉన్నాయి.

కోపం వచ్చిన మాట నిజం. "ఈ పిల్లలకి వ్యక్తిగత సమాచారం అంటే ఏమిటో అవగాహన లేదు" అని స్టాఫ్ రూముల్లో, సెమినార్లలో చాలాసార్లు విన్నాను, నేనూ అన్నాను. ఆ మాటే నోటిదాకా వచ్చింది. ఈలోగా బల్ల మీదున్న ఆ అమ్మాయి ఫోన్ వెలిగింది. వాట్సాప్‌లో తన ఫోటో ఉండాల్సిన చోట మందార పువ్వుంది. అడిగితే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ఇన్‌స్టాగ్రాంలో అసలు పేరుండదు. ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉందో ఎవరికీ కనబడదు. 2025 సెప్టెంబర్‌లో జెమినికి ఫోటో ఇస్తే పాత సినిమా హీరోయిన్లలా చీర కట్టి ఇచ్చిన ఆ వెర్రి నడిచింది కదా, ఐపీఎస్ అధికారి వి.సి. సజ్జనార్ లాంటి వాళ్లు అప్పుడే హెచ్చరించారు కూడా. రూమ్మేట్లందరూ చేయించుకున్నారు, ఈమె చేయించుకోలేదు. "మా అన్న సూస్తే సదువు బంద్ జేపిస్తడు మేడం."

అవగాహన లేకపోవడమా ఇది? ఏ ఫోటో ఎవరికి కనబడాలో, ఏ మాట ఎవరి చెవిన పడకూడదో ఈ అమ్మాయిలకి తెలిసినంత నాకు తెలియదు. కాకపోతే వాళ్లు దాచుకోవలసిన వాళ్ల జాబితా వేరు. తండ్రి, అన్న, వార్డెన్, పక్కింటి వాళ్లు, క్లాసులో అబ్బాయిలు. కంపెనీ ఆ జాబితాలో ఉండదు, ఎందుకుంటుంది? ఏ కంపెనీ కూడా ఆమె చదువు మాన్పిస్తానని బెదిరించలేదు. పైగా ఇంటికి ఫోన్ చేసి చెప్పని శ్రోత ఆమెకి దొరికింది ఇదొక్కటే. అసలు గోప్యత ఎవరి నుంచి అన్న ప్రశ్న వేసుకోకుండా, లేదని వీళ్ల మీద తీర్పు చెప్పేయడం తేలిక.

నా సంగతే చూసుకుంటే, 2000లో నేను చేరింది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో. డిగ్రీలో చరిత్ర చదివి, ఉద్యోగం లేక, నాన్న అప్పు చేసి ఫీజు కడితే. మా బ్యాచ్‌లో ఎక్కువమంది అమ్మాయిలమే. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. నొక్కితే అమెరికాలో ఎవరో డాక్టరు గొంతు, వదిలితే ఆగుతుంది. ముఖం చూడని స్త్రీల గర్భస్రావాలు, రొమ్ములో గడ్డలు, మానసిక వైద్యానికి వచ్చిన కారణాలు టైపు చేశాను. ఒక్క మాట బయటికి పోనివ్వనని సంతకం పెట్టాను. వాళ్ల దేశంలో 1996లోనే హిపా అని చట్టం వచ్చింది, రోగుల వివరాల గోప్యతా నిబంధనలు 2003 ఏప్రిల్ నుంచి కచ్చితమయ్యాయి. పరాయి దేశపు స్త్రీ కడుపులో గడ్డకి ఇంత కాపలా ఉంది. నేనుండే హాస్టల్లో రిజిస్టరు మాత్రం గేటు పక్క స్టూలు మీద తెరిచే ఉండేది. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఫోన్ నంబరు. ఎవడో అందులోంచి నంబర్లు ఎక్కించుకుని రాత్రిళ్లు ఫోన్ చేస్తున్నాడని మేం గోల పెడితే, మా మీదే విచారణ జరిగింది. ఎవరికి ఇచ్చారు నంబరు అని! మా వివరాలు మావి కావు, మా ప్రవర్తన మాత్రం మాది.

ఈ మాట ఈనాటిది కాదు, దీనికి ఇక్కడే ఒక చరిత్ర ఉంది. నటి సరిత కేసు చాలామందికి గుర్తుండదు. హైస్కూల్లో ఉండగానే పెళ్లి, ఆ వెంటనే విడిపోవడం. తర్వాత ఆమె తారగా ఎదిగింది. కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద భర్త కోర్టుకెక్కాడు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. కోర్టు డిక్రీతో ఆడదాన్ని కాపురానికి పంపడమంటే ఆమె శరీరం మీద, బిడ్డని కనాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆమెకున్న గోప్యతా హక్కుని తీసేయడమేనన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఈ తీర్పు మరుసటి ఏడాదే వీగిపోయింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ సబబే అంది. అది ఈరోజుకీ చట్టంలోనే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పినప్పుడు టీవీల్లో అందరూ ఆధార్ గురించే మాట్లాడారు. నాకు మాత్రం చౌదరిగారి తీర్పు గుర్తొచ్చింది. మన దగ్గర స్త్రీ విషయంలో గోప్యత అనే మాటని మొదట పరీక్షకు పెట్టింది సర్కారు దస్త్రాలు కాదు, మొగుడి ఇల్లు.

ఆ తర్వాత పటాన్‌చెరు. 1985 ప్రాంతంలో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరిగింది. పిల్లలు పుట్టకుండా సూది అని స్త్రీలకు చెప్పారు. అది ప్రయోగమని చెప్పలేదు, దుష్ఫలితాల సంగతి చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు అక్కడికి వెళ్లి నిలదీశారు. 1986లో సహేలీ తదితర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆ కేసు 2000 దాకా నడిచింది. ముగిసేనాటికి, సామూహిక కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో దాన్ని వాడటం మంచిది కాదని ప్రభుత్వం ఒప్పుకుంది. (మరో ఇంజెక్షన్ 2017లో 'అంతర' అనే ముద్దు పేరుతో వచ్చింది, అది వేరే కథ.)

1986 అనగానే మన పాఠకులకి ఇంకొకటి గుర్తు రావాలి. అదే సంవత్సరం అదే స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటలు. ఈ రెండింటినీ మనం వేరువేరు అధ్యాయాల్లో చదువుకుంటాం, ఒకటి ఆరోగ్యం, ఒకటి చరిత్ర. నాకిప్పుడు రెండూ ఒకే పనిలా కనిపిస్తున్నాయి. ఒకచోట స్త్రీల శరీరాల నుంచి ఫలితాలు రాబట్టుకుంటున్న వాళ్లని "వాళ్లకేం చెప్పారు?" అని అడిగారు. మరోచోట స్త్రీల జీవితాలని టేపుల్లోకి తీసుకుంటూ, అడిగే స్థానంలో తామే కూర్చున్నారు. మొదటి ప్రశ్నని రెండో చోట తమకు తాము వేసుకోకుండా ఉండగలరా? మౌఖిక చరిత్ర చేసిన వాళ్లెవరికైనా తెలుసు, టేపు ఆపిన తర్వాత చెప్పిన మాటని ఏం చేయాలన్నది ఎంత పెద్ద బరువో. ఆ బరువుని మోసింది చేత్తో రాసుకునే ఆ గంటల కొద్దీ పనే అనిపిస్తుంది నాకు. ఒక గంట టేపుని కాగితం మీద పెట్టడానికి రోజంతా పట్టేది. వెనక్కి తిప్పి, మళ్లీ విని, ఆగి. ఆ ఆగడంలోనే "ఇది రాయొచ్చా?" అన్న అనుమానం వచ్చేది. నా విద్యార్థినికి ఆ గంట నిమిషాల్లో తేలిపోయింది. అనుమానించే వ్యవధే లేదు.

1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. డాక్టర్ని అడగలేని, అమ్మని అడగలేని సంగతులన్నీ తెలుగులో సూటిగా చెప్పిన పుస్తకం. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒకే ప్రతి మూడు అంతస్తులు తిరిగేది, అట్ట చిరిగిపోయి, దినపత్రిక చుట్టుకుని. ఎవరు ఏ పేజీ చదివారో ఎవరికీ తెలియదు. పుస్తకానికి మనమెవరో తెలియదు కదా! ఇప్పుడు అవే సందేహాలు అర్ధరాత్రి దుప్పటి కింద ఫోన్లో అడుగుతున్నారు. నెల తప్పితే ఏం చేయాలి, అతను ఫోటోలు బయటపెడతానంటున్నాడు, చచ్చిపోవాలనిపిస్తోంది. జవాబు తెలుగులో, ఓపిగ్గా, విసుక్కోకుండా వస్తుంది. అది చిన్న విషయమని నేననను. కానీ ఇక్కడ పేజీకి మనమెవరో తెలుసు. మనం మార్చుకోకపోతే, మామూలు ఖాతాల్లో చాట్ జీపీటీతో చేసిన సంభాషణలు దాని తర్వాతి శిక్షణకి వాడుకునే వీలుంటుంది. ఆపే మీట సెట్టింగుల లోపల ఎక్కడో ఉంది. తుడిచేసినవి మామూలుగా 30 రోజుల్లో పోతాయంటారు. కానీ 2025 మేలో అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ వేసిన దావాలో కోర్టు ఆదేశం వల్ల తుడిచినవి కూడా భద్రపరచవలసి వచ్చింది, ఆ సెప్టెంబర్ దాకా. అదే జూలైలో, వాడకందార్లు లింకుగా పంచుకున్న సంభాషణలు గూగుల్ వెతుకులాటలో తేలాయి, ఆ సదుపాయాన్ని తీసేశారు. ఎవరో తెలియని న్యాయస్థానం, ఎవరో తెలియని కంపెనీ, మధ్యలో అమీర్‌పేటలో నెల తప్పిన పిల్ల.

వాళ్లంతట వాళ్లే ఒప్పుకున్నారు కదా, 'ఐ అగ్రీ' నొక్కారు కదా అంటారు. ఒప్పుకోవడం అంటే ఏమిటో ఖమ్మం జిల్లాని అడగాలి. 2009 జూలైలో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. పిల్లల్లో చాలామంది గిరిజనులు, హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లు. స్త్రీల ఆరోగ్య సంఘాలు వెళ్లి చూసి గోల చేశాక 2010 ఏప్రిల్‌లో ఆగింది. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణలో అన్నారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది కాదు ఇక్కడ నా ప్రశ్న, క్యాన్సర్ని ఆపే టీకా కావలసిందే. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఒక లెక్క ఉంది. 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

నేను ఈ అంకె క్లాసులో బోర్డు మీద రాస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అంది: "మా హాస్టల్ ఫారంల గూడ మా నాన్న సంతకమే మేడం. నాకు ఇర్వై రెండేండ్లు."

నగరం కూడా ఈ పదేళ్లలో ఊరికే లేదు. నూరుమంది చేరే చోటల్లా సీసీ కెమెరాలుండాలని 2013లో చట్టం వచ్చింది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కోసం అమీర్‌పేట హాస్టళ్లన్నీ ఖాళీ అయ్యాయి, పిల్లలందరూ లెక్కలో ఉండటానికి ఊళ్లకి పరిగెత్తారు. లెక్కలో లేకపోతే ఏం పోతుందోనన్న భయం. బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి రోగాల దాకా ఒక్కరోజులో చెప్పేశాం. ఎందుకు అడుగుతున్నారని మనమూ అడగలేదు, మనం అధ్యాపకులం కూడా.

ఇక 2023 నవంబర్‌లో రష్మిక మందన్న వీడియో. లిఫ్టులోకి అడుగుపెడుతున్న స్త్రీ, ముఖం రష్మికది. దాన్ని తయారు చేశాడని 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు జిల్లాలో, ఇంజనీరింగ్ చదివిన కుర్రాణ్ని. అభిమాన సంఘం పేజీకి అనుచరులు పెరగాలని చేశాడన్నారు. ద్వేషంతో కాదట, అభిమానంతోనట! అందరం రష్మిక ముఖం గురించి బాధపడ్డాం, పడాల్సిందే. ఆ ఒళ్లు ఎవరిది? జారా పటేల్ అనే ఆమెది. ఆమె పెట్టుకున్న వీడియో అది. ముఖం పోగొట్టుకున్న స్త్రీ పేరు ఎంతమందికి గుర్తుంది? నా విద్యార్థిని పేపర్లో జరిగింది దీనికి తిరగేసినది అనిపించింది. అక్కడ ముఖం మార్చారు. ఇక్కడ పేరు తీసేసి, మాట కూడా మార్చేసి, మనిషి మొత్తాన్ని ఎవరూ చూడని చోట వదిలేశాం.

ఇప్పుడు మనకీ చట్టం ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి ఇంకో 18 నెలల గడువిచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి అంటుంది. నోటీసు తెలుగులో కావాలని అడగొచ్చు. ఎంత మంచి మాటలు! అయితే వ్యక్తులు సొంత అవసరాలకు వాడుకునే సమాచారానికి ఇది వర్తించదు. మనంతట మనం బహిరంగపరిచిన దానికీ వర్తించదు. ప్రమాణాల ప్రకారం చేసే పరిశోధనకి మినహాయింపుంది. ఈ సందుల్లో మా వంటామె ఎక్కడ నిలబడుతుంది అని లాయరైన ఒక స్నేహితురాలిని అడిగితే, చాలాసేపు ఆలోచించి "కేసు వేస్తే తెలుస్తుంది" అంది. 2025 అక్టోబర్, నవంబర్ నెలల్లో జెమిని ప్రో జియోతో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి మొదట ఉచితం అన్నారు, చాట్ జీపీటీ గో ఏడాదిపాటు ఉచితం అన్నారు. మా పిల్లలు ఆనందించారు. నేను కూడా తీసుకున్నాను, దాచడం దేనికి.

సమ్మతి పత్రాన్ని క్లాసులో మళ్లీ రాశాం. నాలుగు గంటలు పట్టింది. "మీరు చెప్పింది నేనొక్కదాన్నే వింటాను. మిషన్‌కి ఇవ్వాల్సి వస్తే ముందు మిమ్మల్ని అడుగుతాను. వద్దంటే చేత్తో రాసుకుంటాను" అన్న వాక్యం దగ్గర పెద్ద గొడవైంది. ఆరు ఇంటర్వ్యూలు చేత్తో రాయాలంటే సెమిస్టరు అయిపోతుంది మేడం, మాకు హాస్టల్ ఫీజు ఇంకో నెల ఎవరు కడతారు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ వాక్యం ఉంచాం, ఇంటర్వ్యూలు ఆరు నుంచి రెండుకి తగ్గించాం. డిపార్టుమెంటులో ఒకాయన, రెండిటితో చరిత్ర అవుతుందా అన్నారు.

ఇంకా ఆమెకి చెప్పడం మిగిలింది. ఒక ఆదివారం అమ్మాయి, నేను పంజాగుట్ట వైపు వెళ్లాం. ఏ హాస్టలో, ఏ వీధో రాయను. ఈ వ్యాసం రాస్తానని ఆమెని అడిగాను, సరేనంది. వంటగదిలో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మాయి తలవంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆమె కాసేపు ఏమీ అనలేదు.

"నేను జెప్పింది నీకు గద బిడ్డా" అంది. కోపంగా కాదు.

తర్వాత అడిగింది: "గా మిషిన్‌కి తెలుగు వస్తదా?"

"వస్తది పెద్దమ్మా."

"మరి మా ఆయన గూడ ఫోన్ల అడిగితే, నేనేడున్ననో చెప్తదా?"

చెప్పదులే అక్కా అనబోయి ఆగిపోయాను. ఒకరి మాటల్ని ఇంకొకరికి తెచ్చి అప్పజెప్పడం వాటి పని కాదని నాకు తెలుసు. కంపెనీలో ఎవరైనా చదవొచ్చని, దొంగతనం జరగొచ్చని, శిక్షణలో కలిసిపోయాక పిండిలో ఉప్పులాగా వేరు చేయడం కుదరదని కూడా తెలుసు. ఏడేళ్ల తర్వాత అవి ఎలా ఉంటాయో నాకు తెలియదు. "చెప్పదనే అనుకుంటున్నా అక్కా. ఎన్నటికీ చెప్పదని మాట మాత్రం ఇవ్వలేను" అన్నాను. ఇన్నేళ్ల అధ్యాపక వృత్తిలో అంత చిన్నతనంగా నాకెప్పుడూ అనిపించలేదు. అప్పటికే ఆ సంభాషణని తుడిచేశామని, మీట ఆపేశామని అమ్మాయి చూపించబోయింది. ఆమె ఫోన్ వైపు చూడలేదు.

"నేనేం జెప్పిన్నో నాకొకసారి ఇనిపియ్యి."

అమ్మాయి రికార్డింగు పెట్టింది. నలభై నిమిషాలు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూనే వింది. మొదట "నా గొంతు గిట్లుంటదా" అని నవ్వింది, తర్వాత నవ్వలేదు. పధ్నాలుగో నిమిషం దగ్గర చెయ్యెత్తి ఆపమంది. ఆమె తీసెయ్యమన్నది తన ఊరు కాదు, భర్త పేరు కాదు. మేమిద్దరం ఎన్నిసార్లు చదివినా రహస్యమని తోచని ఒక్క ముక్క. అది ఆమె గురించి కాదు, ఆమెని నమ్మి చెప్పుకున్న ఇంకొకామె గురించి.

"గా పిల్ల సంగతి నేనెందుకు జెప్పిన్నో" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

అమ్మాయి ఆ ముక్క కత్తిరించింది. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, "మళ్ల మొదటికెళ్లి పెట్టు" అంది.